కిటికీ పక్క చదువు

ఆ రోజు హోటల్ నాలుగో అంతస్తులో నిర్మల దిండ్లకు గలీబులు తొడుగుతోంది. అదే గదిలో పెళ్ళికూతురు ముస్తాబు నడుస్తోంది. కింద హాల్లో నిఖాకు చుట్టాలు వచ్చేస్తున్నారు. ఫోటోలు తీయడానికి వచ్చినది ఆడమనిషి కావడం నిర్మలకు వింతగా ఉంది. యాభై ఏళ్ళుంటాయి. నల్ల బుర్ఖా మీద అడ్డంగా కెమెరా పట్టీ, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ఉంది. ఆమె కిటికీ వైపు చూసింది, పెళ్ళికూతురి వైపు చూసింది, తృప్తి లేనట్టు నాలుక చప్పరించింది. తర్వాత నిర్మల చేతిలో ఉన్న ఇస్త్రీ దుప్పటి మీద ఆమె చూపు ఆగింది.

"అమ్మా, ఆ దుప్పటి ఇప్పి జర ఇక్కడ పట్టుకుంటవా? అట్ల కాదు, ఇంకొంచెం కిందికి."

నిర్మల దుప్పటిని రెండు చేతులా పరిచి పట్టుకుంది. కిటికీలోంచి వచ్చే ఎండ ఆ తెల్ల గుడ్డకు తగిలి, మెత్తబడి, పెళ్ళికూతురి మొహం మీదికి నడిచి వెళ్ళింది. అప్పటిదాకా సగం చీకట్లో ఉన్న చెంప నెమ్మదిగా తేరుకుంది. ఏళ్ళ తరబడి ఆ దుప్పట్లను పరుస్తూ, మడుస్తూ, మరకలు వెతుకుతూ గడిపిన మనిషి. వాటిలో ఇంత వెలుగు దాగి ఉందని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

"గిట్ల గూడ చేస్తరా?" అంది, అడగకూడదని తెలిసి కూడా.

"వెలుగుకు కాళ్ళుండవమ్మా. మనమే చెయ్యి పట్టి తోల్కపోవాలె," అంది ఆమె కెమెరాలోంచి కన్ను తీయకుండానే.

ఆమె పేరు సురయ్యా. పాతబస్తీ మనిషి. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు మగ ఫోటోగ్రాఫర్లను రానివ్వని కుటుంబాలు చాలా ఉంటాయి కాబట్టి ఆమెకు ఊపిరాడనంత పని. ఒక్కతే ఎన్నింటికని పోగలదు? అందుకే శంషాబాద్ బస్టాండు దగ్గర, పుస్తకాల షాపు పైన ఒక గది కిరాయికి తీసుకుని ఆదివారాలు ఆడవాళ్ళకు ఫోటోగ్రఫీ నేర్పుతోంది. వెళ్ళేముందు నిర్మలకు ఆ మాట చెప్పి, "దిల్ ఉంటే రా," అంది.

నిర్మల పుట్టింది మహేశ్వరం దగ్గర పల్లెలో. పదో తరగతితో చదువు ఆగింది. పెళ్ళై శంషాబాద్ వచ్చింది. భర్త పాండు ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. ఒక్కతే కూతురు సరిత, నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉంటుంది. కూతురు వెళ్ళాక ఇల్లు ఎండిన కాయలా లోపల గలగలమనడం మొదలుపెట్టింది. పాండు ఇంట్లో ఉన్నప్పుడు నిర్మల డ్యూటీలో ఉంటుంది, నిర్మల ఉన్నప్పుడు పాండు రోడ్డు మీద ఉంటాడు. ఇద్దరూ ఉన్నప్పుడు టీవీ మాట్లాడుతుంది.

"నేను ఫోటోలు తీసుడు నేర్చుకుంట," అని ఒక పొద్దున చెబితే పాండు బూటు లేసు కడుతూ ఆగాడు.

"ఫోన్ల తీస్తలేవా?"

"గది గాదు. నేర్చుకుంట."

అతను లేసు ముడి వేసి, "సరే తీ. ఆదివారం నేనే దింపుత," అన్నాడు. నిర్మల సూపర్‌వైజర్‌ను అడిగి సెలవు రోజును ఆదివారానికి మార్పించుకుంది.

మొదటి నెల సురయ్యా ఎవ్వరినీ కెమెరా ముట్టనివ్వలేదు. గదిలో ఒకే ఒక కిటికీ. దాని పక్కన స్టూలు వేసి, స్టూలు మీద స్టీలు గ్లాసో, బత్తాయిపండో పెట్టేది. అందరూ చాప మీద కూర్చుని దాన్ని చూడాలి, అంతే. మబ్బు వస్తే ఏమైంది, పోతే ఏమైంది, నీడ ఎటు జరిగింది, దాని అంచు పదునుగా ఉందా, పాలపొంగులా మెత్తగా ఉందా. పక్కనున్న కాలేజీ పిల్లలు ఆవలించేవాళ్ళు. నిర్మలకు మాత్రం ఆ గంటల్లో ఒంట్లోంచి ఏదో బరువు కారిపోతున్నట్టుండేది. ఒక వస్తువును శుభ్రం చేయడానికి కాకుండా, సర్దడానికి కాకుండా, ఊరికే చూడటానికి చూడవచ్చని ఆమెకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. బత్తాయిపండు చుట్టూ మధ్యాహ్నం మెల్లగా తిరిగేది. పైనుంచి విమానం వెళితే గ్లాసులో నీళ్ళు సన్నగా వణికేవి, ఆ వణుకు గోడ మీద వెలుగు చేపలా ఈదేది.

తర్వాత కెమెరా వచ్చింది. సురయ్యా తన పాత కెమెరాను ఆమెకు వాడుకోమని ఇచ్చింది. పట్టీ ఒకచోట తెగితే నల్లదారంతో కుట్టి ఉంది. వెలుగును లోపలికి వదిలే కన్నం, అపర్చర్, గురించి చెప్పినప్పుడు నిర్మలకు మొదట బుర్రకెక్కలేదు. అంకె పెరిగితే కన్నం చిన్నదవడమేమిటో అంతుపట్టలేదు. "ఎండల నడుస్తుంటే కండ్లు చిట్లిస్తవా లేదా? దీనికి గూడ గంతే," అని సురయ్యా చెప్పాక లెక్క మరిచిపోయింది, సంగతి మాత్రం పట్టుకుంది.

డ్యూటీకి వెళ్ళేముందు తెల్లవారుజామున ఇంటి వెనక ప్లాట్ల వైపు నడిచేది. అక్కడ ఇంకా ఇళ్ళు లేవు. రంగు పూసిన హద్దురాళ్ళు, రెండు మూడు తాటిచెట్లు, ఏనుగుల్లా పడుకున్న పెద్ద పెద్ద గుండ్లు. చలికాలం కావడంతో మంచు నేలబారున పాకేది. విమానం ఎక్కడుందో తెలియదు, చప్పుడు మాత్రం వస్తుంది. చప్పుడు పెరిగి పెరిగి, ఉన్నట్టుండి పాలలోంచి తేలినట్టు ఒక తెల్లని పొట్ట, దాని కింద చక్రాలు, మళ్ళీ మంచు. కొంగలు తల కూడా ఎత్తేవి కావు. నిర్మల చాలాసార్లు కెమెరా నొక్కడం మరిచిపోయి నిలబడేది. ఇంత వింత రోజూ తన నెత్తి మీదే జరుగుతుంటే తను పాలప్యాకెట్ కోసం తలవంచుకుని నడిచిందా ఇన్నేళ్ళూ, అనుకునేది.

ఒక ఆదివారం సురయ్యా అందరి ఫోటోలూ చాప మీద పరిచింది. నిర్మలవి ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసింది. విమానం వైపు చూస్తున్న డ్రైవర్లు, వెనక నుంచి. గడ్డిమోపు ఎత్తుకున్న ఆడమనిషి, వెనక నుంచి. కారు కడుగుతున్న పాండు, అదీ వెనక నుంచే. చెట్ల నీడలో టీ తాగుతున్న నలుగురు, నాలుగు వీపులు.

"మంచిగున్నయి నిర్మలా. వెలుగు నీ మాట ఇంటుంది. గని ఇన్నిట్ల ఒక్క మొఖం గూడ లేదేంది?"

నిర్మల వంగి ఫోటోలన్నీ మళ్ళీ చూసింది. ఆ సంగతి ఆమెకే తెలియదు. ఆ సాయంత్రం బస్టాండు నుంచి నడిచి ఇంటికి వెళుతూ అదే ఆలోచించింది. హోటల్లో చేరిన కొత్తలో నేర్పిన మొదటి పాఠం గుర్తొచ్చింది. వరండాలో గెస్టులు ఎదురైతే దుప్పట్ల బండి గోడకు ఆనించి, పక్కకు జరిగి, తల వంచుకుని నిలబడాలి. వాళ్ళ మొహంలోకి చూడకూడదు. అది మర్యాద. నిర్మల ఆ మర్యాదను ఎంత బాగా నేర్చుకుందంటే, హోటల్ బయటకు వచ్చాక కూడా అది ఆమె వెంటే వచ్చేసింది. బస్సులో, కూరగాయల బండి దగ్గర, చివరికి ఇంట్లో కూడా ఆమె మనుషుల చేతులు చూస్తుంది, చెప్పులు చూస్తుంది. పాండు కనుబొమల్లో తెల్లవెంట్రుకలు వచ్చాయా? ఎంత గుర్తు చేసుకున్నా తెలియలేదు. అది తెలియకపోవడం ఆమెను భయపెట్టింది.

మర్నాడు పొద్దున పాండు గడప మీద కూర్చుని చాయ్ తాగుతుంటే కెమెరా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"ఏంది?" అన్నాడు.

"ఏం లేదు. చాయ్ తాగు."

"నా మొఖంల ఏమున్నది తియ్యనీకి?"

"గదే చూస్తున్న."

అతను నవ్వాడు. ఫోటోకు నవ్వే నవ్వు. కాలర్ సర్దుకున్నాడు. నిర్మల నొక్కలేదు. అతను మళ్ళీ నవ్వి, విసుక్కుని, రోడ్డు వైపు చూసి, ఇక ఆమె నొక్కదులే అనుకుని భుజాలు జారవిడిచాడు. అప్పుడు అతని మొహం దాని చోటికి అది వచ్చి కూర్చుంది. కళ్ళ కింద నిద్రలేని నలుపు. కనుబొమల్లో నిజంగానే తెలుపు. అతను కప్పు పక్కన పెట్టి ఆమె వైపు చూశాడు, కెమెరా వైపు కాదు, దాని వెనక ఉన్న మనిషి వైపు. నిర్మల కెమెరా కొంచెం దించి, ఆ చూపును చూస్తూనే నొక్కింది. ఆ ఫోటో కదిలిపోయింది. పాడైన ఆ ఫోటోను ఆమె తుడిపేయలేదు.

"గిట్ల చూడక ఎన్నేండ్లాయె," అన్నాడు పాండు లేస్తూ, ఎవరితోనో అన్నట్టు.

అప్పటినుంచి ఆమె కెమెరా ముందుకు మొహాలు రావడం మొదలైంది. తీయవచ్చా అని అడగడం నేర్చుకుంది. వద్దంటే నవ్వి తప్పుకోవడం నేర్చుకుంది. సరేనన్నవాళ్ళ దగ్గర ఆగడం నేర్చుకుంది. వేసవి వచ్చేసరికి సురయ్యా ఆమెను ఫంక్షన్లకు తోడు తీసుకుపోతోంది. సెలవు రోజుల్లో నిర్మల దుప్పటి పట్టడం నుంచి రెండో కెమెరా పట్టడం దాకా వచ్చింది.

నబీలా అనే అమ్మాయి పెళ్ళి శంషాబాద్‌లోనే, బైపాస్ దాటాక ఉన్న ఒక ఫంక్షన్ హాల్లో. సరిగ్గా ఆ పొద్దున్నే సురయ్యాకు జ్వరం వచ్చింది. ఫోన్ చేసి, "ఆడోళ్ళ దిక్కు నువ్వే చూసుకో," అంది.

"ఒక్కదాన్నా, ఆపా?" అంది నిర్మల, అక్కను పిలిచినట్టు.

"భయమైతుందా? కావాలె. భయమున్నోళ్ళే మంచిగ చూస్తరు."

ఆ పగలంతా నిర్మలకు కలలో నడిచినట్టే గడిచింది. అత్తరు వాసన, గాజుల చప్పుడు, జరీ మీద పడి చిట్లే వెలుగులు. పెళ్ళికూతురు నబీలా పెదవి కొరుక్కునే అమ్మాయి, నవ్వితే కళ్ళు పూర్తిగా మూతలు పడతాయి. నిర్మల ఆమెకు కిటికీ దగ్గర కుర్చీ వేయించింది. కుర్చీ వెనకాల గోడ ఖాళీగా, లేత ఆకుపచ్చగా, ఎంతో బాగుంది. ఒక పక్కన మాత్రం ఒక ముసలామె కూర్చుని ఉంది. తెల్లని దుపట్టా, ఒళ్ళో చేతిసంచి. ఫ్రేములో ఆమె మోకాలు పడుతోంది.

"అమ్మా, జర పక్కకు జరుగుతరా," అంది నిర్మల.

ముసలామె ఏమీ అనుకోకుండా నవ్వి, కుర్చీ పట్టుకుని లేచి, అవతల స్తంభం పక్కకు వెళ్ళి కూర్చుంది. నిర్మల ఆ ఆకుపచ్చ గోడ ముందు నబీలాను తీసింది. ఆమె అప్పటిదాకా తీసిన అన్నిటిలోకీ అందమైన ఫోటో అది. సురయ్యా తర్వాత దాన్ని చూసి నిర్మల చెంప నిమిరింది.

ఆల్బమ్‌కు ఫోటోలు పంపించాక నబీలా ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. అదే నిర్మలకు మరింత కష్టమైంది.

"ఆంటీ, ఫోటోలు మస్తున్నయి. గని దాదీ ఏది? మా నాయన తల్లి. నన్ను పెంచింది ఆమెనే. మొత్తం చూసిన ఆంటీ, ఒక్క దాంట్ల గూడ లేదు."

"ఎట్లుంటరమ్మా దాదీ?" అని అడిగింది నిర్మల. అడుగుతుండగానే ఆకుపచ్చ గోడ పక్కన కుర్చీ గుర్తొచ్చింది.

"తెల్ల దుపట్టా. ఎప్పుడు చేతుల ఒక సంచి ఉంటది."

ఫోన్ పెట్టేసి అన్ని ఫోటోలూ మళ్ళీ వెతికింది. ఒక ఫోటో చివర, మసకగా, స్తంభం పక్కన తెల్లని గుడ్డ అంచు కనబడింది. అంతే. నిర్మల మంచం మీద కూర్చుండిపోయింది. గోడ పక్కన నిలబడటం అంటే ఏమిటో తనకన్నా ఎవరికి తెలుసు? అయినా తన నోటితోనే ఒక మనిషిని పక్కకు జరగమంది. ఎందుకు? గోడ బాగుందని. కెమెరా నేర్చుకుని తను మారాననుకుంది. మొహాలు చూస్తున్నాననుకుంది. నిజానికి తనకు కావలసిన మొహాలే చూసింది.

సురయ్యాకు చెబితే ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు. "షాదీ మళ్ళ రాదు. మనిషైతే ఉంది కదా, అల్హందులిల్లా. పో, ఫోటో తియ్యనిస్తదేమో అడుగు. ఇయ్యనంటే గది గూడ ఇని రా," అంది.

పాత బజారు వెనక సందులో వాళ్ళ ఇల్లు. నిర్మల వెళ్ళేసరికి మధ్యాహ్నం వాలుతోంది. లోపల చిన్న వాకిలి, పైన సగం రేకు, సగం ఆకాశం. ఖైరున్నీసా బీ, అదే నబీలా దాదీ, మంచం మీద కూర్చుని పొన్నగంటి కూర తుంచుతోంది.

"దాదీ, నేను షాదీల ఫోటోలు తీసినదాన్ని."

"యాదున్నది బిడ్డా. నన్ను జరుగుమన్నవు గద," అంది ఆమె మామూలుగా. "కూసో."

నిర్మల కూర్చుంది. "తప్పయింది," అని మాత్రం అనగలిగింది.

"ఏం తప్పు? నాకు మంచిదే అయింది. మొదలు కూసున్న కాడ ఎనకనుంచి అందరి కొప్పులే అగుపడుతుండె. స్తంభం కాడికి పోతె అందరి మొఖాలు అగుపడ్డయి."

"ఏం చూసినరు దాదీ?"

అడిగింది మర్యాదకే. కాని ముసలామె ఆ ప్రశ్న కోసమే ఉన్నట్టు చేతిలో కాడలు ఒళ్ళో పెట్టుకుంది. పెద్దకోడలు పెట్టుకున్న ముక్కుపుడక తనదేనని, దాన్ని తాకుతూ తాకుతూ ఆమె ఏడ్చిందని చెప్పింది. పడక మాటలు మానేసిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే ప్లేటులో తిన్నారని, తింటున్నప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గాని ఖుబానీకా మీఠా గిన్నె మాత్రం ఒకరికొకరు జరుపుకున్నారని చెప్పింది. నబీలా వెళ్ళిపోయేముందు తనకోసం హాలంతా చూసిందట. "నేను చెయ్యి ఊపిన. దానికి అగుపడలె. అగుపడకుంటేంది, నాకు అగుపడ్డది గద," అంది.

నిర్మల వింటూ ఉండిపోయింది. కెమెరా సంచిలోనే ఉంది. ముసలామె మాటలతో ఆ ఫంక్షన్ హాలు మళ్ళీ వాకిట్లోకి దిగి వచ్చింది. తను తీసిన హాలు కాదు, ఇంకొకటి. అందులో ఎవరూ కెమెరా వైపు చూడటం లేదు. ఎండ రేకు అంచు దాటి, గోడ దిగి, మంచం కోడు మీదికి, పొన్నగంటి ఆకుల మీదికి, ముసలామె చేతుల మీదికి వచ్చింది. పైన ఒక విమానం వెళ్ళింది. దాని నీడ కన్ను ఆర్పినంతసేపు వాకిలి మీద పడి లేచింది. దాదీ మాట ఆపి ఆకాశం వైపు చూసింది, మళ్ళీ నిర్మల వైపు చూసింది.

"తీస్తవా మరి? ఎండ పోతది," అంది.

నిర్మల కెమెరా తీసింది. దుపట్టా సర్దుకోమనలేదు. కూర పక్కన పెట్టమనలేదు. ఎక్కడికీ జరగమనలేదు. ఎక్కువ తీయలేదు కూడా. తీసినన్ని తీసి తెర మీద చూపించింది. దాదీ కళ్ళు దగ్గరగా పెట్టి చూసుకుంది. "మా అమ్మ లెక్కనే అయిన," అంది ఆశ్చర్యంగా. తర్వాత, "ఇటు తే. అందుల నువ్వెట్లుంటవో చూస్త," అని చెయ్యి చాచింది.

నిర్మల ఆమె మెడలో పట్టీ వేసి, ఎక్కడ నొక్కాలో చూపించి, వెళ్ళి ఎదురుగా కూర్చుంది. కూర్చున్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తల దానంతటదే వంగింది.

"ఇటు చూడు బిడ్డా," అంది దాదీ.

చూసింది. ముసలామె తీరుబడిగా, ఊపిరి బిగబట్టి, ఎంతోసేపటికి నొక్కింది. ఫోటో ఒక పక్కకు ఒరిగింది, నెత్తి కొంచెం తెగింది. అందులో ఉన్న ఆడమనిషి మొహాన్ని నిర్మల ఆ రాత్రి భోజనాలయ్యాక పాండుకు చూపించింది. అతను దాన్ని తన ఫోన్లోకి పంపించుకున్నాడు.

ఖైరున్నీసా బీ ఫోటో నబీలా ఆల్బమ్‌లో మొదటి పేజీలోకి వెళ్ళింది. పెళ్ళి బట్టలు లేవు, పూలు లేవు, ఒళ్ళో పొన్నగంటి కూర. మొదట వాళ్ళింట్లో కొందరు నవ్వారట. తర్వాత ఆ ఒక్కటే పెద్దది చేయించి గదిలో పెట్టుకున్నారట.

నిర్మల హోటల్ పని మానలేదు. వారంలో ఎక్కువ రోజులు అక్కడే, సెలవు రోజున సురయ్యాతోనో, ఒక్కతేనో ఫంక్షన్లలో. ఫంక్షన్‌కు వెళితే కెమెరా బయటికి తీయకముందే హాలు చివరి కుర్చీల్లో ఉన్నవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటుంది. ఎవరి తరఫువాళ్ళో అడుగుతుంది, చెప్పింది వింటుంది. ఇప్పటికీ తప్పులు చేస్తుంది. ఒకసారి వధువు తల్లిని, పెద్దమ్మను తారుమారు చేసింది. ఇంకోసారి కెమెరా మెమరీ కార్డు ఇంట్లో మరిచిపోయి పాండును ఉరికించింది. మునుపైతే ఇలాంటివాటికి రోజుల తరబడి కుమిలిపోయేది. ఇప్పుడు తప్పును కూడా కిటికీ పక్కన పెట్టి, అన్ని వైపులా చూసి, లేస్తుంది.

వానాకాలంలో ఒక పొద్దున మహేశ్వరం వైపు పల్లెలో ఒక పిల్లకు చీర కట్టించే శారీ ఫంక్షన్ ఉంటే పాండు కారులో బయల్దేరారు. దారిలో వాన పట్టుకుని, వదిలింది. ప్లాట్ల గోడలు అయిపోయినచోట ఒక బంతితోట, కోతకు సిద్ధంగా ఉంది. మబ్బు చీలి ఎండ సన్నగా దాని మీదికి దిగింది. కారు ఆపమంది నిర్మల. ఇద్దరూ దిగి గట్టు మీద నిలబడ్డారు. తడిసిన పూల వాసన, ఎక్కడో మోటారు చప్పుడు, కాళ్ళ కింద జారే ఎర్రమట్టి. కెమెరా ఆమె మెడలోనే ఉంది.

"తియ్యవా?" అన్నాడు పాండు.

"జర ఆగు," అంది నిర్మల. అతని భుజం మీద వానచుక్కలు ఇంకా ఇంకలేదు. ఆమె వాటినీ చూసింది, తోటనూ చూసింది. ఎండ తోటంతా నడిచి, గట్టు ఎక్కి, వాళ్ళిద్దరి దాకా వచ్చేవరకూ అలాగే నిలబడింది.